గుర్రాలమ్మ ఆకునీళ్ళు

ఏంటే ఆ డబ్బా, ఇటు తే. అక్షరాలు చీమల్లా పాకుతున్నాయి, నువ్వే చదువు. ఏంటీ? మళ్ళీ అను. ఆల్ఫాల్ఫానా? అదేం పేరే, ఆవలింత మధ్యలో ఆగిపోయినట్టు! ఉండు ఉండు, బొమ్మ చూడనీ. మూడేసి ఆకులు, చివర ఊదారంగు పువ్వు... ఓసి పిచ్చిదానా, ఇది లూసర్న్ గడ్డి కదే! గుర్రాలకి వేసే మేత. దీన్ని ఎండబెట్టి, పొడి చేసి, డబ్బాలో పోసి నీకు అంటగట్టారా? జుట్టు రాలుతోందనా? నవ్వకేం చెయ్యమంటావు. మీ తాతయ్య వాళ్ళమ్మ ఉంటే ఈ డబ్బా చూసి ముందు మూత తీసి వాసన చూసేది, తర్వాత నీ నెత్తి పట్టుకుని వెలుగులోకి లాగేది, ఆ తర్వాత, "దీనికి ఆకు కాదే, నిద్ర కావాలి" అనేది. అనేదంటే అనేది. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ లేదు. కూర్చో, ఆ బట్టలు తర్వాత మడతపెడుదువుగాని. చెప్తా.

నువ్వు ఆవిణ్ణి ఫొటోలో చూడ్డమే. ఆ ఫొటోలో ఏదో బుద్ధిగా కూర్చున్నట్టుంటుంది గానీ, అది ఆవిడ కాదు. ఆవిడ ఒకచోట కూర్చోడం నేనెప్పుడూ చూళ్ళేదు. అంటే... ఆ, అది తర్వాత చెప్తాలే. వాళ్ళ నాన్నకి గుర్రాలశాల ఉండేది. రైలుగోదాం నుంచి సరుకు మోసే బండ్లు చూడు, ఆ గుర్రాలన్నీ వాళ్ళవే. శాల వెనక మడులు మడులుగా ఈ గడ్డి. కోసినకొద్దీ వస్తుందే, మొండిది, వేరు పాతాళానికి దిగుతుంది. ఆవిడ చిన్నప్పట్నించీ ఆ గుర్రాల మధ్యే పెరిగింది, అందుకే మనుషుల్ని కూడా గుర్రాల్ని చూసినట్టే చూసేది. నేను కాపరానికొచ్చిన రోజు ఏం చేసిందో తెలుసా? గుమ్మంలో నిలబెట్టి గడ్డం పట్టుకుంది. ముద్దు చేస్తుందనుకున్నా. "నోరు తెరువమ్మాయ్" అంది. పళ్ళు చూసింది! "ఊఁ, బాగానే ఉంది, కాస్త మేత పడాలి" అంది. పక్కనే ఉన్న మా అమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఇప్పుడు నవ్వుతున్నా గానీ, ఆ రోజు ఏడ్చానే.

మామగారు గుర్రాల వీపున వేసే జీన్లు కుట్టేవారు. ఆ శాలకే వచ్చి జీన్లు, కళ్ళేలు, పట్టీలు బాగుచేసేవారట. ఆవిడ వాళ్ళ నాన్న, "ఈ కుర్రాడు కుట్టిన జీను కింద గుర్రం వీపు ఎప్పుడూ పుండు పడలేదు, పిల్లనిచ్చేద్దాం" అన్నాడట. అంతే సంబంధం! తర్వాత లారీలొచ్చాయి, గుర్రాలు పోయాయి, శాల పోయింది. ఎవరి కోసం కుడతారు జీన్లు? సంచులు, సూట్‌కేసులు, బడిపిల్లల బ్యాగులు బాగుచేసే కొట్టు పెట్టుకున్నారు. కొట్టంటే వేరే ఎక్కడో కాదు, ఇంటి ముందుగదే. గోడకి మేకులు, మేకులకి జిప్పులు, బకిల్సు, తోలుముక్కలు. జిగురు వాసన, తోలు వాసన. నడిమిగదిలోకి రావాలంటే తెగిన పట్టీల్ని దాటుకుంటూ రావాలి. వెనక వంటిల్లు, దాని వెనక పెరడు. ఆ పెరట్లో, బట్టలుతికే బండ పక్కన, ఆవిడ పుట్టింటి నుంచి తెచ్చుకున్న గింజలు చల్లింది. వేరే ఆడవాళ్ళు పుట్టింటి నుంచి చీరలు తెచ్చుకుంటారు, ఈవిడ దిండుగలీబులో గడ్డిగింజలు తెచ్చుకుంది. మామగారు అనేవారు, "దిండు బరువుగా ఉంటే బంగారమేమో అనుకున్నాను" అని. ఆయన మాట్లాడ్డమే తక్కువ, మాట్లాడితే ఇలాంటిదొకటి.

పెరటిచెట్టు మందుకి పనికిరాదంటారు కదా. ఈవిడ పెరటిగడ్డి మాత్రం వీధి వీధంతటికీ పనికొచ్చింది. పొద్దున్నే చిన్న కొడవలి పట్టుకుని కోసేది, కడిగేది, మూతపెట్టి మరిగించేది. అదే ఆకునీళ్ళు. కొంత నీడలో ఆరబెట్టి డబ్బాల్లో పోసుకునేది. ఆవిణ్ణి అందరూ గుర్రాలమ్మ అనేవాళ్ళు. పెరటి గుమ్మం దగ్గర తెల్లారేసరికి గిన్నెలు, గ్లాసులు, మనుషులు! రొట్టెల కొట్టాయనకి మోకాళ్ళు. బడి పంతులమ్మకి నీరసం. మంగలాయనకి బట్టతల. ఆ మంగలాయన రోజూ వచ్చేవాడు, "గుర్రాలమ్మా, నా దగ్గరకొచ్చేవాళ్ళు నా నెత్తి చూసి పారిపోతున్నారమ్మా" అంటూ. ఈవిడ ఏమనేదంటే, "ఒరే, ఆకు ఉన్నజుట్టుకి మెరుపు తెస్తుంది గానీ, లేనిజుట్టుని ఎక్కణ్ణించి తెస్తుందిరా, కొట్లో అద్దం తీసెయ్యి" అనేది. వాడు పడీపడీ నవ్వేవాడు, మళ్ళీ మర్నాడు గ్లాసుతో తయారు. ఆకు కోసం వచ్చేవాళ్ళో, తిట్ల కోసం వచ్చేవాళ్ళో నాకైతే తెలిసేది కాదు. ఒక్కొక్కళ్ళకీ ఒక్కో పథ్యం. పంతులమ్మకి, "ఇది తాగాక గోడకి చేరబడి కళ్ళు మూసుకోవాలి, ఎవరు పిలిచినా పలకకూడదు, పలికితే గుణం పోతుంది" అని చెప్పింది. పాపం ఆవిడకి పెళ్ళయిన దగ్గర్నించీ అలా కూర్చునే వీలు లేదట. ఇంట్లోవాళ్ళు కూడా, "ష్, మందు తాగింది" అని ఊరుకునేవాళ్ళు. తేరుకుంది కూడా. ఆకు వల్లో, గోడ వల్లో నన్నడక్కు.

నాకూ పట్టించిందే! మీ నాన్న పుట్టినప్పుడు నాకు పాలు సరిగ్గా పడలేదు. బిడ్డ ఏడుపు, నా ఏడుపు. ఈవిడొచ్చి గ్లాసు నోటికి పెట్టింది. వాసన చూస్తే ఇప్పుడే కోసిన గడ్డిమీద మొహం పెట్టుకుని పడుకున్నట్టుంది. "అత్తయ్యగారూ, నావల్ల కాదు" అన్నా. "ఈనిన గుర్రానికి ఇదే వేసేవాళ్ళం, అది కాదందా?" అంది. గుర్రం ఎలా కాదంటుందే, చెప్పు! ముక్కు మూసుకుని ఒక్క గుక్కలో తాగేశా. వీధిలో అందరూ అలాగే తాగేవాళ్ళులే. పాలు పడ్డాయి. ఆ నెలంతా అంట్లు ఆవిడే తోమింది, బట్టలు ఆవిడే ఉతికింది, నన్ను మంచం దిగనివ్వలేదు. అందుకని కూడా అయ్యుండొచ్చు. నేనలా అంటే ఆవిడకి కోపం వచ్చేది. "అంతా ఆకు మహిమే" అనేది. గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదన్నట్టు నేనూ ఆ నెలలో బాగా ఒళ్ళు చేశాను. ఏం చెప్తున్నా? ఆ, ఆకు.

ఇహ మామగారు. నోట్లో నాలుక లేని మనిషి. పొద్దున్న ఆయన కొట్టు తలుపు తీసి, దారానికి మైనం పట్టిస్తూ కూర్చునేవారు. ఆవిడ మొదటి గ్లాసు ఆయనకే తెచ్చేది. పెళ్ళయిన మర్నాటి నుంచీ అంతేనట. ఆయనకి రోగం ఏమీ లేదు, అయినా, "రాకుండా ఉండడానికి" అని ఇచ్చేది. ఆయన వద్దని ఏనాడూ అనలేదు. బాగుందనీ అనలేదు. ఆవిడ మాత్రం వీధంతా చెప్పుకునేది, "మా ఆయన్ని చూడండి, ఈ వయసులో కూడా కళ్ళజోడు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తాడు, అంతా నా ఆకే" అని. ఆవిడకి అదొక గర్వం. ఆయన ఆవిడ సైన్‌బోర్డు అనుకో.

అలాంటి మనిషికి కాలు వాచింది. ఒక్క కాలే. పొద్దస్తమానం కింద కూర్చుని కుట్టే పని కదా, అందుకే అనుకున్నాం. ఆవిడ ఆకు నూరి పట్టు వేసింది. తగ్గలేదు. మీ తాతయ్య పట్టుబట్టి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. అక్కడ కళ్ళజోడు పెట్టుకున్న డాక్టరు ఒకాయన ఉండేవాడు, చిన్నవాడే, మాట నెమ్మది. "కాల్లో నెత్తురు గడ్డకట్టింది, అది కదిలి ఊపిరితిత్తుల్లోకో గుండెకో వెళ్తే ప్రమాదం" అన్నాడు. నెత్తురు పలచబడ్డానికి బిళ్ళలు రాశాడు. ఎంత పలచబడిందో తెలియాలని తరచూ పరీక్షకి రమ్మన్నాడు. బిళ్ళ టైముకి వేసే పని అత్తగారిది. అయ్యబాబోయ్, గడియారమైనా తప్పుతుందేమో గానీ ఆవిడ తప్పదు. ఆయన నోట్లో వేసి, మింగారో లేదో అని నాలుక ఎత్తించి చూసేది. గుర్రానికి మందు మింగించినట్టే!

పరీక్ష చేస్తే ఏముంది, ఎక్కడి గొంగళి అక్కడే. నెత్తురు పలచబడలేదు. డాక్టరు, "బిళ్ళలు సరిగ్గా వేసుకుంటున్నారా?" అన్నాడు. అత్తగారికి ఒళ్ళు మండిపోయింది. "నేను వేస్తున్నాను బాబూ, నేను!" అని గుండె మీద చేత్తో కొట్టుకుంది. సరే, మోతాదు పెంచాడు. ఇంటికొచ్చాక ఈవిడేం చేసిందో విను. "పాపం ఆ కుర్రాడి మందు పనిచెయ్యట్లేదు, మనమే ఓ చెయ్యి వెయ్యాలి" అని, పొద్దున్న గ్లాసుతో పాటు సాయంత్రం కూడా ఆకునీళ్ళు మొదలెట్టింది. చిక్కగా, ముదురాకుపచ్చగా. మళ్ళీ పరీక్ష. ఇంకా అన్యాయంగా ఉంది. డాక్టరు మళ్ళీ మోతాదు పెంచాడు. ఈవిడ మళ్ళీ ఆకు పెంచింది. డాక్టరుకి ఈ ఆకు సంగతి తెలీదు, ఈవిడకి డాక్టరు మందు సంగతి తెలీదు, మాకెవరికీ ఏమీ తెలీదు. ఆకు కూడా మందుతో పేచీ పెట్టుకుంటుందని ఎవరనుకుంటారే! అది మంచినీళ్ళతో సమానం మా ఇంట్లో. కంగారుపడకు, ఆయన ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికారు, నీ చిన్నత్త పెళ్ళికి ఆయనే దగ్గరుండి సూట్‌కేసు కుట్టారు. కానీ అప్పుడు మాకది తెలీదు కదా.

ఒకరోజు పొద్దున్న నేను ముందుగది ఊడుస్తున్నా. ఆయన ఎవరిదో సంచికి పిడి కుడుతున్నారు. చేతిలో ఆరె, అదే తోలుకి కన్నాలు పొడిచేది, జారి కింద పడింది. తీసుకున్నారు, మళ్ళీ పడింది. "ఏంటి మావయ్యగారూ?" అన్నా. ఏదో చెప్పబోయారు, మాట ముద్దగా వచ్చింది. నోరు ఒకపక్కకి... చీపురు అక్కడే పడేసి కేకపెట్టా. అత్తగారు పెరట్లోంచి వచ్చిన రావడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది. చేతిలో కొడవలి అలాగే ఉంది, అది చేతిలో ఉందనే తెలీదు ఆవిడకి. రిక్షాలో వేసుకుని వెళ్తుంటే, దారిలోనే ఆయన మాట మళ్ళీ తిన్నగా అయింది. "నాకేం కాలేదు, ఆ పిడి ఇవాళ ఇస్తానన్నాను" అంటారు! డాక్టరు చూసి, "ఇది హెచ్చరిక. మెదడుకి వెళ్ళే దారిలో నెత్తురుగడ్డ ఒక్క క్షణం అడ్డుపడి తొలగిపోయింది. ప్రతిసారీ ఇలా తొలగదు. ఇంత మందు వేస్తున్నా ఎందుకిలా అవుతోందో నాకు అంతుపట్టడం లేదు" అన్నాడు.

అప్పుడు చూడు, మా అత్తగారు. ఎవరి ముందూ గొంతు తగ్గించని మనిషి, చేతులు జోడించింది. "బాబూ, ఆయన్ని నాకు దక్కించు. నువ్వేం చెయ్యమంటే అది చేస్తా. ఆకు ఇంకో పూట కూడా ఇస్తా. మధ్యాహ్నం మానేస్తున్నాను, అదే పొరపాటేమో" అంది. డాక్టరు కలం ఆగిపోయింది. "ఏ ఆకు?" అన్నాడు. చెప్పింది. గుర్రాలశాల నుంచి మొదలెట్టి, దిండుగలీబు నుంచి, అన్నీ చెప్పింది. ఆయన అంతా విన్నాడే, మధ్యలో ఆపలేదు. తర్వాత మామగారి వైపు తిరిగి, "కిందటిసారి లోపలిగదిలో మీ చెయ్యి పట్టుకుని సూది గుచ్చుతూ అడిగాను కదండీ, ఆకుకూరలు గానీ, ఆకుల రసం గానీ తీసుకుంటున్నారా, అవి ఈ మందుకి పడవని. లేదన్నారే?" అన్నాడు. మామగారు తలొంచుకుని తన చెప్పుల వంక చూసుకుంటున్నారు. ఒక చెప్పు పట్టీ ఊడింది, బహుశా దాని గురించి ఆలోచిస్తున్నారేమో.

డాక్టరు అత్తగారిని తిట్టలేదు. అదే నాకు నచ్చింది. "అమ్మా, ఆకు మంచిదే. ఈయనకే మంచిది కాదు. అందులో నెత్తురు గడ్డకట్టించే గుణం ఉంది. బండికి ముందొక గుర్రాన్ని నేను కట్టాను, వెనకొక గుర్రాన్ని మీరు కట్టారు, ఇద్దరం మన శక్తికొద్దీ తోలుతున్నాం" అన్నాడు. ఇంకెవరు చెప్పినా పోట్లాడేదేమో. గుర్రం పేరెత్తేసరికి ఠక్కున అర్థమైపోయింది ఆవిడకి. మొహం పాలిపోయింది. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు... అదిగో, ఆ సామెత ఆవిడే అందరి మీదా వేసేది. డాక్టరు ఇంకో మాట కూడా చెప్పాడు, గుర్తుపెట్టుకో, "ఆకు మానేస్తున్నారు గనక బిళ్ళ కూడా నేను తగ్గించాలి, లేకపోతే ఈసారి నెత్తురు ఆగదు, మీ అంతట మీరు ఏదీ పెంచొద్దు, తగ్గించొద్దు" అని. అప్పట్నించీ అత్తగారు పెరటి గుమ్మంలో గ్లాసు పట్టుకుని ఎవరొచ్చినా, ముందు, "ఏం బిళ్ళలు మింగుతున్నావ్? డాక్టర్నడిగావా?" అనేది. రొట్టెల కొట్టాయన్ని గ్లాసుతో సహా ఆసుపత్రికి తరిమింది.

కానీ ఇంటికొచ్చిన ఆ రోజంతా ఆవిడ నోరు విప్పలేదే. ఇల్లు ఇల్లులా లేదు. తిట్లు లేవు, గిన్నెల చప్పుడు లేదు. మర్నాడు పొద్దున్న అలవాటు కొద్దీ కొడవలి పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది, ఉత్తచేతుల్తో వచ్చింది. తిన్నగా ముందుగదిలోకి వెళ్ళింది. నేను నడిమిగది తలుపు దగ్గర తుడుపుగుడ్డ పిండుతున్నా. ఆవిడ మొదలెట్టింది. "ఆ ఆకు మందుకి పడదని మీకు తెలుసు." ఆయన దారానికి మైనం పట్టిస్తూనే ఉన్నారు. "డాక్టరు అడిగితే లేదన్నారు. ఎందుకన్నారు?" "ఆయన అడిగింది కూరలు. నువ్విచ్చేది గడ్డి కదా" అన్నారు. "వేళాకోళమా! నా చేత్తో నేనే మిమ్మల్ని చంపుకునేదాన్ని కదండీ!" అంది. ఆవిడ ఏడవడం నేను విన్నది అదే మొదలు. ఆయన దారం కింద పెట్టారు. ఆవిడే మళ్ళీ అంది, "అంత నమ్మకమా నా ఆకు మీద?" "మొదట్నించీ లేదు" అన్నారు. "పోనీ, రుచి నచ్చిందా?" "ఛీ" అన్నారు. "మరి ఇన్నేళ్ళూ ఎందుకు తాగారు? పైగా అందరూ గుటుక్కున ఒక్క గుక్కలో పారేస్తారు, మీరేమో చప్పరించుకుంటూ, ఆగుతూ, అరగంట చేస్తారు. అదేదో అమృతమన్నట్టు!"

పెరటి గుమ్మంలోంచి ఎవరో, "గుర్రాలమ్మా, ఆకూ" అని పిలుస్తున్నారు. మామగారు అటువైపు ఒకసారి చూసి అన్నారు కదా, "గుక్కలో తాగేస్తే నువ్వు గ్లాసు పుచ్చుకుని వెళ్ళిపోతావుగా. అది అయ్యేదాకానే కదా నువ్వు నా దగ్గరుండేది" అని.

పెరట్లోంచి మళ్ళీ పిలిచారు. ఆవిడ పలకలేదు. గిరాకీలు కూర్చునే స్టూలుంటుంది చూడు, దాన్ని కాలితో దగ్గరికి లాక్కుని, ఆయన పక్కన కూర్చుంది.

...

ఊఁ? ఏం లేదే. ఆ ఫ్యాను కాస్త తగ్గించు, చలేస్తోంది.